బయట తినడం

"ఎంతమంది?" అని అడిగాడు కౌంటరు దగ్గర కూచున్నాయన.

"ఒక్కదాన్నే."

ఆయన నా భుజం మీదుగా గుమ్మం వైపు చూశాడు. బండి పక్కన పెట్టి ఎవరో వెనకాలే వస్తారనుకున్నట్టున్నాడు. ఎవరూ రాలేదు. టోకెను చింపి చేతికిస్తూ, "పైన ఫ్యామిలీ రూముంది మేడం. ఏసీ. అక్కడ కూచోండి" అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. అందుకే ఏమీ అనలేక మెట్లెక్కాను.

గుంటూరు అరండల్‌పేటలో అదొక మెస్సు. పేరు చెప్పి ప్రయోజనం లేదు, ఆ మాట నాతో ఆయనొక్కడే అనలేదు. ఆరు కుర్చీల టేబులు ముందు ఒక్కదాన్నీ కూచున్నాను. గదిలో ఇంకెవరూ లేరు. ఆడమనిషి ఒక్కతే వస్తే ఫ్యామిలీ అవుతుంది. ఒక తల్లికి పుట్టిన నలుగురు అన్నదమ్ములు కలిసొస్తే మాత్రం ఫ్యామిలీ కారు, వాళ్ళు కిందే తింటారు. ఈ లెక్క ఎవరు వేశారో! కిందినుంచి బకెట్ల చప్పుడు, "పప్పు, పప్పు" అని సర్వర్ల కేకలు, ఎవరో గోంగూర మళ్ళీ అడగడం, అన్నీ వినపడుతున్నాయి. పొగలు కక్కే అన్నం, కారప్పొడి మీద ధారగా నెయ్యి, అడక్కుండానే మారు వడ్డన, అవన్నీ కింద. పైకొచ్చేసరికి అన్నం చల్లారింది. సర్వరు రెండోసారి రాలేదు. పైన తిన్నందుకు పాతిక రూపాయలు ఎక్కువ.

పిహెచ్‌డి అయ్యాక ఒక డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతూ బ్రాడీపేటలో గది అద్దెకి తీసుకుని ఉంటున్నాను. వండుకోవడం రాక కాదు, ఒక్కదానికి వండుకోవడం విసుగు. అందుకని ఈ ఊళ్ళో చాలాచోట్ల తిన్నాను. పొద్దున పూట కారప్పొడి, నెయ్యి వేసిన ఇడ్లీ, అల్లం పచ్చడితో పెసరట్టు. సాయంత్రం నాలుగయ్యేసరికి సందు మొదట్లో మిరపకాయ బజ్జీ, దాని పొట్ట చీల్చి అందులో ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండడం. ఈ ఊరి వాళ్ళకి కారం గురించి ఉన్న గర్వం చూస్తే నవ్వొస్తుంది. బయటి ఊరివాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే సర్వరు ముఖం వెలిగిపోతుంది.

గుంటూరు హోటళ్ళు సరదాగా బయట తిందామనుకునే వాళ్ళ కోసం పుట్టినవి కావు. మిర్చి యార్డుకి కాయ అమ్ముకోవడానికి వచ్చిన రైతు, కోర్టు వాయిదాకి వచ్చినవాడు, కొత్తపేట ఆస్పత్రుల్లో రోగిని చేర్చి మందుల చీటీ పట్టుకుని తిరిగేవాడు, వీళ్ళందరికీ మధ్యాహ్నం పూట ఇంత అన్నం కావాలి. నూటికి తొంభైమంది మగవాళ్ళే. ఆడవాళ్ళు రారని కాదు. ఆస్పత్రి వరండాలో మంచం పక్కన కూచుంటారు, మగవాడు తిని వస్తూ వాళ్ళకి పొట్లం తెస్తాడు. శంకర్ విలాస్ అనే హోటలు పేరు ఊరి నడిబొడ్డున ఉన్న సెంటరుకే పేరైపోయింది. ఆ సెంటరు మీదుగా రోజుకి ఎన్ని వేలమంది ఆడవాళ్ళు నడుస్తారో. వాళ్ళలో ఎంతమంది ఒంటరిగా ఒక హోటల్లోకి వెళ్ళి ఇడ్లీ తెమ్మని చెప్పి ఉంటారో అనిపిస్తుంది.

మా ఊరు పర్చూరు దగ్గర. నేను పుట్టినప్పుడు ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. నల్లరేగడి నేల. పత్తి, మిరప, శనగ, కొన్నాళ్ళు పొగాకు. ఏటా కోతలయ్యాక నాన్న మిరపకాయ టిక్కీలు లారీకెక్కించి గుంటూరు వెళ్ళేవాడు. ధర నచ్చకపోతే రెండు మూడు రోజులు అక్కడే. తిరిగొచ్చిన రాత్రి చొక్కా విప్పి దులిపితే ఇంటిల్లిపాదికీ తుమ్ములు. అప్పుడు మొదలయ్యేది హోటలు కథ. సాంబారులో ఏమేశాడు, చట్నీ ఎట్లా ఉంది, ఎన్నిసార్లు వడ్డించారు. అమ్మ రోట్లో పచ్చడి నూరుతూనో, మజ్జిగ చిలుకుతూనో వినేది. "ములక్కాడ వేశారా? పప్పు కనపడేట్టు ఉందా, కలిసిపోయిందా?" అని అడిగేది. రెండ్రోజులు పోయాక ఆ సాంబారు మా ఇంట్లో తయారయ్యేది. నాన్న ఒక ముద్ద తిని "బానే ఉంది గానీ ఆ రుచి రాలేదు" అనేవాడు. ఏ రుచి రాలేదో అమ్మకి తెలిసే వీలు లేదు, ఆమె దాన్ని తిన్నది కాదు. తన జన్మలో తినని వంటని మొగుడి మాటల్లోంచి వండి, రుచి కుదరలేదని చీవాట్లు తిన్నది.

హోటలు మా ఇంటికి పొట్లంలో వచ్చేది. నాన్న ఒంగోలు వెళితే అల్లూరయ్య మైసూరుపాకు, తెనాలి వెళితే నల్లగా నిగనిగలాడే బెల్లం జిలేబీ. న్యూస్‌పేపరు మీద నూనె మరకలు. మేం తిన్నాక మిగిలిన పొడి అమ్మ నోట్లో వేసుకునేది. "నా జన్మలో బయట తిండి తిని ఎరగను" అని నలుగురిలో గర్వంగా చెప్పుకునేది. అదొక శీలానికి సంబంధించిన మాటలా ఉండేది.

నా పరిశోధన తెలుగు ఆత్మకథల మీద. అందులో భాగంగా టంగుటూరి ప్రకాశం 'నా జీవితయాత్ర' చదివాను. చిన్నప్పుడు స్కూల్లో ఆయన గురించి చదివింది ఒక్కటే: 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీకి ఛాతీ చూపించాడని. ఆయనకి పదకొండేళ్ళప్పుడు తండ్రి పోయాడని, తల్లి సుబ్బమ్మ పిల్లల్ని తీసుకుని ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపిందని పాఠంలో ఉన్నా మా మాస్టారు చెప్పలేదు. 1880లలో ఒంగోలు. కోర్టు పనుల మీద, కచేరీ పనుల మీద వచ్చేవాళ్ళకి డబ్బు తీసుకుని అన్నం పెట్టడం. భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీ అంత గౌరవం లేని పనికి దిగిందని లోకం చిన్నచూపు చూసింది. ఆ చిన్నచూపు భరించి పొయ్యి వెలిగించుకుంది గనక పిల్లలు బతికారు. ఆ కొడుకు చదువుకుని బారిస్టరయ్యాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకి 1972లో ఆయన పేరు పెట్టారు. మా ఊరి రికార్డుల మీద యాభై ఏళ్ళు ఆ పేరే ఉంది. ఆ జిల్లా ఒక పూటకూళ్ళ ఇంటి పొయ్యి మీద నిలబడిందని ఎవరూ అనరు.

ఈ అధ్యాయం గురించి ఒక సెమినార్లో మాట్లాడుతుంటే వెనక బెంచీలో నవ్వారు. 'పూటకూళ్ళమ్మ' అనగానే నవ్వొస్తుంది మనవాళ్ళకి. దానికి కారణం గురజాడ. కన్యాశుల్కంలో (1892లో మొదటి ప్రదర్శన, 1909లో మార్చి రాసిన కూర్పు) ఆవిడకి పేరు లేదు, వృత్తే పేరు. విధవ. సరుకులు తెచ్చిపెడతానని తీసుకున్న ఆవిడ డబ్బు గిరీశం తన సరదాలకి తగలేస్తాడు. ఆవిడ చీపురుకట్ట పట్టుకుని వస్తే మనం పగలబడి నవ్వుతాం. నేనూ నవ్వాను. సంపాదన పోగొట్టుకున్న మనిషి అప్పు వసూలు చేసుకోవడానికి వచ్చిందని నాకు మొదటిసారి తట్టింది సుబ్బమ్మ గురించి చదివాకే. గురజాడ కంటే మన నవ్వుదే తప్పు అనుకుంటాను.

ఇటు తిప్పి చూడండి. గోదావరి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) ఆకలిగొన్న ఎవరికైనా డబ్బు పుచ్చుకోకుండా అన్నం పెట్టింది. మహాతల్లి, అన్నపూర్ణ. 2024లో మన ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టింది. ఆమె గొప్పతనం మీద నాకు సందేహం లేదు. కానీ వండి ఊరికే పెడితే అన్నపూర్ణ, వండి డబ్బు తీసుకుంటే పూటకూళ్ళమ్మ అయిందెట్లా? అదే వంట, అదే పొగ, అదే నడుంనొప్పి. మధ్యలో మారిందల్లా చేతిలో పడిన రూపాయి. ఇవాళ బళ్ళలో ఆ భోజనం వండే ఆడవాళ్ళకి ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. అన్నపూర్ణకి జీతమేమిటని కాబోలు.

ఆ తర్వాత పూటకూళ్ళ ఇళ్ళు పోయి హోటళ్ళొచ్చాయి. భవన్‌లు, విలాస్‌లు, కేఫులు. వంట మగవాడి ఉద్యోగమైంది, 'వంట మాస్టరు' అయ్యాడు. హోటలు లోపలి బతుకు తెలుగులో మనకి తెలిసిందంటే శారద పుణ్యమే. ఎస్. నటరాజన్ అనే ఆ తమిళ కుర్రవాడు తెనాలి వచ్చి, హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని 'మంచీ చెడూ', 'అపస్వరాలు' వంటి నవలలు రాసి 1955లో ముప్పై ఏళ్ళు దాటగానే పోయాడు. ఆడపేరుతో రాసిన మగవాడు, మగవాళ్ళ హోటల్లో. ఆడవాళ్ళు ఆ హోటళ్ళలో లేరని కాదు. వెనక పెరట్లో ఉన్నారు. పిండి రుబ్బడానికి, ఉల్లిపాయలు కోయడానికి, గంగాళాలు తోమడానికి. పూటకూళ్ళ ఇంట్లో యజమానురాలిగా ఉన్నది హోటలొచ్చేసరికి దొడ్డిదారిన లోపలికి రావాల్సొచ్చింది.

మన ఫెమినిస్టు సాహిత్యంలో వంటిల్లు గురించి ఎంతో వచ్చింది. విమల 'వంటిల్లు' కవిత, పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ మా తరం క్లాసుల్లో చదువుకుని పెరిగింది. ఇద్దరికీ రుణపడి ఉన్నాను. వంటింట్లోంచి బయటికి రావడం గురించి రాసుకున్నాం. వచ్చాక ఆకలేస్తే ఎక్కడ కూచుని తినాలో అంతగా రాసుకోలేదేమో అని ఆ ఫ్యామిలీ రూములో అనిపించింది.

అయితే ఇక్కడే నా ఆలోచనకి ఒక అడ్డం తగిలింది. తగిలించింది అమ్మే.

అమ్మ కంటి ఆపరేషనుకి గుంటూరు వచ్చి నా గదిలో పదిరోజులుంది. పొగ తగలకూడదని డాక్టరు చెప్పాడు, నాకు పొద్దున ఎనిమిదింటికే క్లాసు. సందు చివర కర్రీ పాయింటు నుంచి కూరలు తెస్తానంటే మొహం మాడ్చుకుని, "నా జన్మలో బయట తిండి..." అని మొదలుపెట్టింది. నాకు విసుగొచ్చి అన్నాను: "ఎందుకు తినలేదు? నెలకి మూడ్రోజులు బయటే తిన్నావుగా."

మాట తూలాక గానీ దాని బరువు తెలియలేదు. మా ఇంట్లో 'బయట ఉంది' అంటే ముట్టయిందని. వెనక వసారాలో చాప, చెంబు, కంచం. నాయనమ్మ దూరం నుంచి వడ్డించేది. వాన పడితే జల్లు కంచంలో పడేది. ఆ మూడ్రోజులూ మా అమ్మ బయటే తిన్నది, పాతికేళ్ళ పైన. దాన్ని బయట తినడం అని ఎవరూ అనలేదు, అమ్మ కూడా అనుకోలేదు. ఆ పూట ఏమీ మాట్లాడలేదు అమ్మ. కంటికి పచ్చగుడ్డ కట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి, "బయట తిన్నది నేనొక్కదాన్నేనా" అంది. నాతో అన్నట్టు లేదు.

నిజమే, ఇంకా ఉన్నారు. కోతల రోజుల్లో పల్లె నుంచి మిరపకాయలు కోయడానికి పదిహేను ఇరవై మంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. మా ఊళ్ళో పల్లె అంటే ఏమిటో ఈ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. కాయ కోయడం, కల్లంలో ఎండబెట్టడం, తాలుకాయ ఏరడం. చేతులు రాత్రంతా మండేవిట, మజ్జిగలో ముంచుకునే వాళ్ళట. మధ్యాహ్నం మా ఇంట్లో పెట్టే అన్నం గొడ్లచావిడి చూరు కింద కూచుని తినేవాళ్ళు. వాళ్ళ సత్తు పళ్ళేలు, గ్లాసులు ఆ చూరులోనే దోపి ఉండేవి. ఎవరిది వాళ్ళు తీసుకుని, తిని, కడిగి, మళ్ళీ అక్కడే దోపేవాళ్ళు. అమ్మ పైనుంచి వడ్డించేది, నాయనమ్మ అమ్మకి వడ్డించినట్టే. నేను మంచినీళ్ళు ఎత్తి పోసేదాన్ని. మా ఇంట్లో అమ్మ మూడ్రోజులు బయట తింటే వాళ్ళు ఏడాది పొడుగునా బయట తిన్నారు. మా ఊరికి దగ్గరే కారంచేడు. 1985 జూలైలో అక్కడ గొడవ మొదలైంది తాగే నీళ్ళ దగ్గరే. చెరువు నీళ్ళు పాడు చేస్తుంటే అడిగి, కొట్టబోయినవాళ్ళ మీదికి బిందె ఎత్తింది మున్నంగి సువార్త. తెల్లారేసరికి పల్లె మీద పడ్డారు. దళితుల ప్రాణాలు పోయాయి, మిగిలినవాళ్ళు చీరాల వెళ్ళి తలదాచుకున్నారు. అప్పటికి నేను పుట్టలేదు. నేను పుట్టి, పెరిగి, నీళ్ళు ఎత్తి పోసే వయసొచ్చాక కూడా మా చూరులో పళ్ళేలు ఉన్నాయి. ఈ సంగతి నా థీసిస్‌లో లేదు.

కూడు గురించి మాట్లాడేటప్పుడు మా ప్రాంతం వాళ్ళకి చరిత్ర మీద గట్టి పట్టు ఉన్నట్టు ఉంటుంది, కారం మాతోనే పుట్టిందన్నట్టు. మిరపకాయ ఈ నేలది కాదు. 1498 తర్వాత పోర్చుగీసువాళ్ళ ఓడల వెంట అమెరికా ఖండాల నుంచి వచ్చింది. మనకి అంతకుముందున్న మిరియం పేరే దానికీ తగిలించుకున్నాం. వినుకొండ వల్లభరాయుడి పేరుమీదున్న క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట్లో ఒక రూకకి పెట్టే భోజనం ఉంది. ఎంత వైభవంగా ఉన్నా అందులో మిరపకాయ ఉండే వీలు లేదు. పల్నాడు జొన్నకూడు తినలేక శ్రీనాథుడు విసుక్కున్నాడని చాటువులున్నాయి. మా 'అసలైన గుంటూరు భోజనం'లో తెల్లటి వరన్నం కూడా చాలామందికి నిన్నమొన్నటిదే. 1967లో సాగర్ కుడికాలవకి నీళ్ళొదిలాక, 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక గదా పేదిళ్ళలో రోజూ వరన్నం. గుంటూరు సన్నం మిరపకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. దాన్ని కోసి, ఎండబెట్టి, తొడిమ తీసిన చేతుల పేరు ఆ కాగితంలో ఎక్కడుంటుంది? ఇంత కొత్తది మా కారం. పాతది మాత్రం ఎవరు ఎక్కడ కూచుని తినాలన్నదే.

అమ్మ ఆకలికి ఆగలేదు, ఆ సాయంత్రమే కర్రీ పాయింటుకి వెళ్ళాను. కర్రీ పాయింట్లు మా దగ్గర ఇరవై పాతికేళ్ళుగా సందుకొకటి ఉన్నాయి. ఒక షట్టరు, ముందు స్టీలు గిన్నెల వరస, తూకం, పాలిథిన్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు. అన్నం ఇంట్లో వండుకుంటాం, పప్పూ కూరా పచ్చడీ పులుసూ కొనుక్కుంటాం. ఉద్యోగాలకి వెళ్ళే ఆడవాళ్ళకి అవి చేసినంత ఉపకారం ఏ చట్టమూ చేయలేదని మా కాలేజీలో ఒక మేడం అంటుంటారు. తెచ్చిన కూర ఇంట్లో గిన్నెలోకి మార్చి, కవరు చెత్తబుట్టలో అడుక్కి తోసి, తనే వండినట్టు వడ్డిస్తుందట ఆవిడ. అత్తగారు కనిపెట్టలేదట, లేక కనిపెట్టి ఊరుకున్నదట.

గిన్నెల వెనక నిలబడ్డామె నన్ను చూసి గరిటె ఆపింది. "అమ్మాయిగారూ, మీరు పర్చూరు దగ్గర..." అని మా ఊరి పేరు చెప్పింది. గుర్తుపట్టాను. మా చేలో కాయ కోసిన మనిషి. కూతురి చదువు కోసమని పదిహేనేళ్ళ కింద గుంటూరు వచ్చిందట. మొదట మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్ళింది, కిలోకింత అని. దగ్గు పట్టుకుంది. తర్వాత ఈ కొట్టులోనే కూరగాయలు తరగడానికి చేరి, వంటకి కుదిరి, పాత ఆయన కొట్టు ఎత్తేస్తుంటే బాకీ మీద తనే తీసుకుంది. కోచింగు పిల్లలు వరసగా వస్తున్నారు. "అక్కా పప్పు", "అక్కా దోసకాయ". నాకు ఎట్లా పిలవాలో తెలియలేదు. మా ఊళ్ళో చాకలికి, మంగలికి, అందరికీ వరసలున్నాయి, మామా అత్తా అని. పల్లె వాళ్ళకి వరసల్లేవు. నా కంటే పాతికేళ్ళు పెద్దదాన్ని చిన్నప్పుడు పేరు పెట్టి 'రావే, పోవే' అన్నాను. ఆ పిల్లలే నాకు దారి చూపించారు. "అక్కా, ముప్పై రూపాయల పప్పు, ఒక గోంగూర" అన్నాను. ఆమె నవ్వు ఒక క్షణం ఆగి, మళ్ళీ వచ్చింది. డబ్బు వద్దనలేదు. అది నాకు బాగా నచ్చింది.

అమ్మ రెండుసార్లు పప్పు వేయించుకుంది. "చెయ్యి తిరిగిన మనిషి. తిరగమోత ఎంత బాగా పడిందో" అంది. నాన్న చెప్పే హోటలు కథల్ని విన్నట్టే, ఇందులో ఏమేశారో నాలుకతో లెక్క కడుతోంది. చెప్పకుండా ఉండొచ్చు. ఆపరేషనైన మనిషి, నాలుగు రోజులాగి చెప్పొచ్చు. అదీ ఆలోచించాను. కానీ చూరు గురించి ఆ మధ్యాహ్నం తనే ఎత్తింది గదా. ఎవరు వండారో చెప్పేశాను.

అమ్మ చెయ్యి కంచంలో ఆగింది. తింటుందో లేస్తుందో నాకు తెలియలేదు. పచ్చగుడ్డ కింద కన్ను కనపడదు.

"ఎంతిచ్చావు దీనికి?"

"పప్పు ముప్పై, గోంగూర నలభై."

"ముప్పైకి రోజంతా కోసేది మన చేలో" అంది. మిగిలిన రెండు ముద్దలూ తిన్నది. చెయ్యి కడుక్కుని వచ్చి, ఇంకేమీ అడక్కుండా పడుకుంది. నాకు అది ఏమిటో ఇప్పటికీ అర్థం కాలేదు. పశ్చాత్తాపం అని రాసుకోవడానికి నాకు ధైర్యం లేదు, ఆమె అటువంటి మాటేమీ అనలేదు. మర్నాడు "ఆ గోంగూర మిగిలిందా" అని అడిగింది.

అమ్మ ఊరెళ్ళాక కూడా ఆ కొట్టుకి వెళుతూనే ఉన్నాను. ఇప్పుడు గుంటూరులో ఆడవాళ్ళు తింటూ కనపడే చోట్లు పెరిగాయి. 2018లో మొదలై 2019లో మూతపడి 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచిన అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలిచ్చి నేనూ తిన్నాను ఒకసారి. నా ముందు మేస్త్రీ పనికొచ్చిన ఇద్దరాడవాళ్ళు, వెనక పేషెంటు తాలూకు ముసలామె. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు టిక్కెట్టు లేదు గనక పల్లెటూళ్ళ నుంచి పనికి రావడం పెరిగిందని వాళ్ళే చెప్పారు. ఎత్తు బల్లల దగ్గర నిలబడి తిన్నాం. ఎంతమంది అని ఎవరూ అడగలేదు. కాకపోతే పేదవాళ్ళ క్యాంటీన్‌లో ఎవరూ ఎవర్నీ లెక్కపెట్టరని కూడా తెలుసు నాకు. మెస్సులో కింది హాల్లోకి కూడా పట్టుబట్టి వెళ్ళాను రెండుసార్లు. మొదటిసారి నా టేబులు దగ్గర మిగతా మూడు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, నిలబడి ఎదురుచూసే మగవాళ్ళుండి కూడా. రెండోసారి ఒక పెద్దాయన వచ్చి కూచుని, "గోంగూర కలుపుకోమ్మా, ఉల్లిపాయ నంజుకో" అని తన పక్కనున్న నెయ్యి గిన్నె ఇటు జరిపాడు. ఆ అన్నం వేడిగా ఉంది.

పోయిన వారం మధ్యాహ్నం మూడున్నరకి కర్రీ పాయింటు ముందుగా వెళుతుంటే షట్టరు సగం దించి ఉంది. వంగి చూశాను. ఆమె స్టూలు మీద కూచుని అన్నం తింటోంది. ఉదయం నాలుగింటికి లేచిన మనిషికి అదే మొదటి అన్నం. "రండమ్మాయిగారూ" అంది.

"అక్కా, నాకూ ఆకలేస్తోంది. ఇక్కడే తింటాను."

"ఇక్కడ తినడానికేం లేవమ్మా, అంతా పార్సిలే గదా" అంది. గోడకి మేకు, మేకుకి చిల్లుల గరిటె, దాని పక్కన స్టీలు గిన్నెల దొంతర. కంచం ఒక్కటే ఉంది కొట్టులో, ఆమె ఒళ్ళో. నేను దానివైపు చూస్తుండటం ఆమె చూసింది. ఇద్దరం చూరునే తలుచుకున్నామో, నేనొక్కదాన్నే తలుచుకున్నానో.

"పక్క కొట్లో పేపరు ప్లేట్లుంటాయి. తెచ్చుకోండి" అంది, ముద్ద కలుపుకుంటూ. "అన్నం గిన్నె అడుగున ఉంది. చాలకపోతే సర్దుకుందాం."

వెళ్ళి తెచ్చుకున్నాను.